చివర రెండడుగులు

పదకొండడుగుల వెదురు కర్ర భుజాన వేసుకుని విజయవాడ వన్ టౌన్ సందుల్లో నడవడమంటే మాటలు కాదు. ముందు వైపు ఎవరి కంట్లో గుచ్చుకుంటుందోనని చూసుకుంటూ ఉంటే, వెనక వైపు పోయి తోపుడుబండి మీది ఉల్లిపాయల బస్తాని పొడుస్తుంది. బండివాడు తిడతాడు. వాడికి సర్ది చెబుదామని వెనక్కి తిరిగితే కర్ర కూడా తిరుగుతుంది, ఈసారి స్టీలు సామాన్ల కొట్టు ముందు వేలాడదీసిన గరిటెలన్నీ గలగలమంటాయి. ఆ మంగళవారం పొద్దున సుధామణి చిట్టినగర్ నుంచి వలల కొట్టు దాకా ఇలాగే నడిచొచ్చింది. ముగ్గురు ఆటోవాళ్ళు కర్రని చూసి పొమ్మన్నారు. నాలుగోవాడు ఎక్కమన్నాడు గానీ కర్రని మధ్యకి విరుచుకోమన్నాడు. ముందు నీ నడుం విరుచుకోవయ్యా అని చెప్పి ఆమె నడక మొదలుపెట్టింది.

మనిషి ఐదడుగులు కూడా లేదు. యాభై మూడేళ్ళు. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, మంగళగిరి చీరలకి ఫాల్సు వేస్తుంది. అలాంటి మనిషికి చేపలు పట్టే గేలం కర్రతో పనేమిటని దారిలో చూసినవాళ్ళందరూ అనుకునే ఉంటారు. ఆమే ఏడాది కిందట చూసి ఉంటే అలాగే అనుకునేది.

ఆ కర్ర ఆమె భర్త నాగబాబుది. మనిషి మాఘమాసంలో పోయాడు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దున డ్యూటీకి వెళ్ళినవాడు గుండె పట్టుకుని కూలబడ్డాడు, ఆస్పత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. పిల్లల్లేరు. రెండు గదుల వాటా, కుట్టు మిషను, గోడకి రెండు మేకుల మీద అడ్డంగా పెట్టిన ఈ కర్ర, ఇంతే మిగిలాయి.

నాగబాబు వాళ్ళది నాగాయలంక దగ్గర. తాత తండ్రులు పడవల మీద బతికినవాళ్ళు. ఈయన పడవ వదిలేసి బెజవాడ వచ్చాడు గానీ నీళ్ళని వదల్లేకపోయాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఐదింటికే మోపెడ్‌కి కర్ర కట్టుకుని బయలుదేరేవాడు. యనమలకుదురు దాటాక బందరు కాలవ మీద ఓ పాత రేవు ఉంది, అక్కడికి. పదకొండింటికి తిరిగొచ్చేవాడు, రెండు జెల్ల చేపలో నాలుగు పరిగెలో తెచ్చేవాడు, ఒక్కోసారి అదీ లేదు. ఇరవై ఆరేళ్ళు ఇదే వరస. కొత్త చీరలకి నీచువాసన అంటుకుంటే కొట్టువాళ్ళు ఊరుకోరని సుధామణి ఆ కర్రనీ, ఆ సంచినీ, ఆ మనిషినీ నేరుగా పెరటి కొళాయి దగ్గరికి తోలేసేది. స్నానం అయ్యాకే లోపలికి రానిచ్చేది.

పోనీ వచ్చాక కబుర్లు చెప్పేవాడా అంటే అదీ లేదు. ఆయన రోజంతా మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ అంత ఏముందయ్యా అని ఆమె చాలాసార్లు అడిగింది. నిజానికి అది అడగడం కాదు, దెప్పడం. వారానికి ఒక్క పూట ఇంట్లో ఉండే వీలున్న మగాడు ఆ పూట కూడా కాలవకి పోతే ఏ ఆడదానికి కడుపు మండదు? ఆయన మాత్రం దెప్పుని దెప్పుగా తీసుకోకుండా, ఏదో నిజంగానే అడిగినట్టు జవాబు చెప్పేవాడు.

"కర్ర చెప్తదే."

"ఏం చెప్తది?"

"పట్టుకుంటే తెలుస్తది. చెప్తే తెలవదు."

ఇంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయింది. తనతో చెప్పని మాటలు ఆ కర్ర ఏం చెబుతుందో, తన దగ్గర దొరకనిది ఆ గట్టు మీద ఏం దొరికేదో తెలియకుండానే మనిషి పోయాడు. ఆ ఒక్క సంగతీ ఆమెని తినేస్తోంది. మిగతా రోజులు ఎలాగో గడిచిపోతాయి, కొలతకి పాత జాకెట్లు తెచ్చేవాళ్ళు, పండక్కి కావాలని తొందరపెట్టేవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఆదివారం ఎవరూ రారు. పూర్వమూ వచ్చేవాళ్ళు కారు గానీ, అప్పుడు పదకొండు అవుతుందని ఒక ఎదురుచూపు ఉండేది. ఇప్పుడు పదకొండూ అవుతుంది, పన్నెండూ అవుతుంది, మోపెడ్ చప్పుడు మాత్రం వినపడదు. కాలవకి నీళ్ళు వదిలారని తెలిసిన రోజున ఆమె గట్టిగా అనుకుంది, తనే పోయి ఆ కర్ర పట్టుకుని చూడాలని. ఒక్కసారి ఆయన చేతికి తెలిసింది తన చేతికి తెలిస్తే చాలు.

కర్ర తీస్తే తెలిసింది అసలు కష్టం. ఒక కొస ఫ్యానుకి కొట్టుకుంది, బరువంతా ముందుకి లాగి మణికట్టు మెలితిరిగింది. ఆమె పొట్టికి ఆ పొడుగు లొంగేది కాదు. అప్పుడు గుర్తొచ్చింది ఆయన ఎప్పుడో అన్న మాట. ఒక ఆదివారం కర్ర మోపెడ్‌కి కడుతూ, నువ్వూ రాకూడదా అన్నాడు. నీ కర్రలో సగం లేను, నేనొచ్చి ఏం చేస్తానని ఆమె ఎగతాళి చేసింది. ఆయన తాడు ముడి వేస్తూనే అన్నాడు, "చివర రెండడుగులు తీసేస్తే నీకు సరిపోద్ది." ఉన్న పనికే దిక్కు లేదని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

వలల కొట్టు ఫిన్నీది. ముప్పై అయిదేళ్ళవాడు, తండ్రి పోయాక ఆ కొట్టు నడుపుతున్నాడు. నైలాను వలల చుట్టలు, సీసపు గుళ్ళు, డబ్బాల్లో గేలాలు, అద్దాల బీరువాలో మడత పెట్టే కొత్త ఫైబరు రాడ్లు. సుధామణి చేతిలోంచి కర్ర అందుకుని, అడ్డంగా పట్టుకుని ఒక్కసారి మణికట్టు విదిలించాడు. ముందు కొన జివ్వున వణికి, నెమ్మదిగా కుదురుకుంది. అతను ఇంకోసారి విదిలించాడు, ఈసారి ఊరికే, చూడ్డానికి. ఎవరు చేశారని అడిగాడు. ఆయనే, వెదురు ఏరి తెచ్చి, సెగ మీద కాచి వంకరలు తీసి, ఏడాదికోసారి ఆముదం పట్టించేవాడని చెప్పింది. ఆరడుగుల ఫైబరు రాడ్డు తీసుకోండి ఆంటీ, దీన్ని ఇట్టాగే ఉంచుకోండి అన్నాడతను. పొడుగు తగ్గించి ఇస్తే తనకి ఇదే కావాలంది ఆమె.

"ఎంత తగ్గించాలండీ?"

"చివర రెండడుగులు."

ఫిన్నీ కర్రని అటూ ఇటూ తిప్పాడు. లావు వైపు, చెయ్యి పట్టుకునే చోట, ముదురు ఎరుపు రంగులో సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంది. ఇదేం గుర్తని అడిగాడు. ఏదో మరక అయ్యుంటుందంది ఆమె. అతను సన్నటి వైపు వేలు పెట్టి, ఇటు చివరేనా అన్నాడు. చివరంటే చివరే బాబూ, మొదలుని ఎవరైనా చివరంటారా అని ఆమె విసుక్కుంది. అయినా అతనికి మనసొప్పలేదు.

"ఇటు కోస్తే కర్ర బిరుసెక్కుద్ది ఆంటీ. వంపు పోద్ది. ఒకసారి ఆలోచించుకోండి."

"ఆయన చెప్పిందే కొయ్యి నాయనా."

బతికుండగా ఆయన చెప్పిన మాట ఒక్కటీ వినలేదు. మందులు వేసుకో అంటే వినలేదు, పొద్దుపోయాక మిషను తొక్కకే అంటే వినలేదు. ఈ ఒక్కటన్నా అక్షరం పొల్లుపోకుండా విందామని ఆమె పంతం. చూశారా, మనిషి వినడం మొదలుపెట్టిన వేళ!

వెదురు చీలకుండా చుట్టూ టేపు బిగించి, సన్న పళ్ళ రంపంతో కోశాడు ఫిన్నీ. రోజుకి పది గుడ్డలు కళ్ళు మూసుకుని కత్తిరించే ఆమె ఆ రంపం చప్పుడు వినలేక మొహం పక్కకి తిప్పుకుంది. కోసిన చోట కర్ర చిటికెన వేలంత లావుంది. అక్కడ గాడి పెట్టి దారం కట్టాడు. బెండు కూడా కట్టమంటారా, అది మునిగితే చేప ముట్టుకున్నట్టు తెలుస్తుందన్నాడు. వద్దంది, ఆయన ఎప్పుడూ బెండు కట్టలేదు, కర్రే చెబుతుందనేవాడు. తెగిపడిన రెండడుగుల ముక్కని చెత్తలో వెయ్యబోతే ఆమె అందుకుని సంచిలో పెట్టుకుంది. జాకెట్లు కుట్టేవాళ్ళ చెయ్యి ఏ ముక్కనీ పారెయ్యలేదు, అలవాటు.

ఆదివారం ఏడింటికల్లా రేవులో ఉంది. ఆటోలోంచి కర్ర బయటికి పొడుచుకొస్తుంటే దారంతా ప్రాణం బిగబట్టుకుని కూర్చుంది. కాలవ నిండుగా, మట్టిరంగులో పారుతోంది. రేవు మెట్ల పక్కన ఒక రాయి కింద మడిచిపెట్టిన గోనెపట్టా కనపడింది. ఆరు నెలల నుంచి అక్కడే ఉంది, ఎవరూ తీయలేదు. ఆయన కూర్చునే పట్టా అదే అయ్యుంటుంది. దులిపి పరుచుకుంది. కూర్చున్నాక ఎందుకో కాస్త కుడి పక్కకి జరిగి, సగం పట్టా వదిలేసింది.

గోధుమపిండి ముద్ద గేలానికి గుచ్చి, వచ్చీరాకుండా విసిరింది. కూర్చుంది. పావుగంట, అరగంట. చేతిలో కర్ర కర్రలాగే ఉంది. ఎత్తి చూస్తే గేలం బోసిగా ఉంది, పిండి ఎప్పుడు పోయిందో పోయింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ అంతే. కింద ఎవరో వచ్చి తినిపోతున్నారు, ఆమె చేతికి మాత్రం చీమంత కబురు లేదు. మూడోసారి బోసి గేలం చూసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆయనా ఇంతే, ఆయన కర్రా ఇంతే, నాతో ఒక్క మాట చెప్పి చావరు అనుకుంది. ఆ కర్రని కాలవలోకి గిరవాటేద్దామన్నంత కోపం.

తొమ్మిది దాటాక యేసుకుమార్ వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఆదివారం ఆరాధన అయ్యాక తెల్లచొక్కాతోనే కాలవకి వచ్చేస్తాడు. నాగబాబుతో పాతికేళ్ళు ఈ రేవులో కూర్చున్నవాడు. చావుకి వచ్చినప్పుడు ఆమె అతన్ని చూసింది. ఆమెని అక్కడ చూసి అతను స్కూటరు స్టాండు వెయ్యడం కూడా మరిచిపోయి కాసేపు నిలబడ్డాడు. తరవాత వచ్చి ఆమెకి కుడి వైపు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ కర్రని చూస్తూ చూస్తూ ఉన్నవాడు ఇక ఉండబట్టలేక, ఒకసారి ఇవ్వమని అందుకుని విదిలించాడు. కర్ర కొన వణకలేదు.

"ఎవరు కోశారు చెల్లెమ్మా దీన్ని?"

ఆయనే చెప్పాడని, చివర రెండడుగులు తీస్తే నాకు సరిపోతుందన్నాడని, ఆ మాట ప్రకారమే కోయించానని ఆమె చెప్పింది. యేసుకుమార్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అతనికి చెప్పడం ఇష్టం లేదు, కానీ ఆమె మొహం చూస్తే చెప్పక తప్పలేదు.

"నాగబాబు లెక్క వేరమ్మా. ఆడు నీళ్ళ దగ్గర్నుంచి లెక్కపెట్టేవాడు. చేప ఉండే వైపు ఆడికి మొదలు. చెయ్యి పట్టుకునే వైపు చివర."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అతనే విడమరిచి చెప్పాడు. లావు వైపు కోస్తే పొడుగూ బరువూ తగ్గుతాయి, చెయ్యి రెండడుగులు ముందుకి జరుగుతుంది, కొన వంపు మాత్రం చెక్కు చెదరదు. కొన వైపు కోస్తే ఆ సన్నదనమంతా పోయి బొంగు మిగులుతుంది. దండేనికి పనికొస్తుంది గానీ చేప ముట్టుకుంటే చేతికి తెలవదు. నాగబాబు పరిగె పిల్ల ముట్టుకున్నా చెప్పేసేవాడంటే అదంతా ఆ కొన మహిమేనన్నాడు.

ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది. ఆయన చొక్కా ఛాతీ కొలత తెలుసు, కూరలో కారం ఎంత ఉండాలో తెలుసు, నిద్రలో ఎటు తిరుగుతాడో తెలుసు. చివర అంటే ఆయన ఏ వైపు అంటున్నాడో తెలియదు. గట్టు మీద కూర్చునే స్నేహితుడికి తెలిసిన మాట తనకి తెలియలేదు. ఒక్క ఆదివారం, ఒకే ఒక్క ఆదివారం వచ్చి పక్కన కూర్చుని ఉంటే తెలిసేది. సుధామణికి సిగ్గేసింది.

కర్ర తిరిగి ఇవ్వబోతూ యేసుకుమార్ లావు వైపున్న ఎర్ర గీత మీద బొటనవేలు పెట్టి ఆగిపోయాడు.

"గుర్తు కూడా పెట్టుకున్నాడు గదమ్మా. ఇదుగో, చివర్నుంచి సరిగ్గా రెండడుగులు. ఈ మెట్టు మీదే కూర్చుని పెట్టాడు. మా ఆవిడ వస్తానంటే ఇక్కడికి కొయ్యాలి అన్నాడు."

"ఎప్పుడు?"

"ఆరేళ్ళయి ఉంటది. ఇప్పుడే కోసెయ్యరాదా అన్నాను. ముందే కోసి, తీరా తను రాకపోతే, కర్ర చూసినప్పుడల్లా బాధేస్తది కుమారూ అన్నాడు. వచ్చినరోజే కోద్దాం అన్నాడు."

ఆ ముదురు ఎరుపు ఎక్కడిదో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆరేళ్ళ కిందట చల్లపల్లిలో పెళ్ళికని గోళ్ళరంగు సీసా కొనుక్కుంది. పెళ్ళికి ముందే అది మాయమైతే, కింది వాటాలో ఉండే శ్రీదుర్గ తీసిందని నెల రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు. నాగబాబు ఆ గొడవంతా విన్నాడు, అన్నం తింటూ విన్నాడు, నోరు విప్పలేదు. నేనే తీశానంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే, నేను రానని మళ్ళీ అంటుంది. అందుకని ఊరుకున్నాడు కాబోలు. ఆరేళ్ళు ఆ గీత గోడ మీదే ఉంది, ఆమె మిషనుకి ఎదురుగా. రోజూ చూసింది. కొట్టులో అడిగితే మరకంది.

ఆమె ఏడ్చింది. యేసుకుమార్ కాలవ వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, ముక్క ఉంటే గొట్టం వేసి అతుకుదాం అన్నాడు, అంతలోనే మళ్ళీ, అతుకుతుంది గానీ వంపు అక్కడికొచ్చి ఆగిపోతుందని నిజమే చెప్పాడు. అతుకు సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా.

ముక్క అనేసరికి ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. పిండి డబ్బా, నీళ్ళ సీసా, వాటి కింద రెండడుగుల కొన. సన్నటి వైపు పెన్సిలు కంటే సన్నగా ఉంది. పెద్ద కర్రకున్న దారం విప్పి, దీని కొనకి తనే కట్టింది. యేసుకుమార్ చూశాడు గానీ, రెండడుగుల పుల్లతో ఏం పడతావని అనలేదు. పట్టాని కింది మెట్టు మీదికి జరుపుకుని, మళ్ళీ కుడి సగంలోనే కూర్చుని, మెట్టు అంచున నీళ్ళలోకి గేలం వదిలింది. నీళ్ళు పాదాలకి తగులుతున్నాయి.

చాలాసేపు ఏమీ లేదు. ఎండెక్కింది. గట్టు మీద ఆటోలు పోతున్నాయి. పదకొండు కావస్తోంది.

అప్పుడు వచ్చింది. వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకుని మెల్లగా ఒక్క లాగు లాగి వదిలేసినట్టు. పుల్ల కొన గోరంత వంగి లేచింది. మళ్ళీ ఒకటి. ఈసారి వేళ్ళలోంచి మణికట్టుకి, మణికట్టు లోంచి మోచేతికి వచ్చింది. కంటికి కనపడని చోట ఎవరో ఉన్నారు, ముట్టుకుంటున్నారు, పోతున్నారు, మళ్ళీ వస్తున్నారు. అంతే. ఇంత చిన్న సంగతి. నిజమే, ఇది నోటితో చెబితే తెలిసేది కాదు. చెప్పడం చేతకాక కాదు, చేతికిద్దామని ఎదురుచూశాడు.

"ఎత్తమ్మా, ఎత్తు," అన్నాడు కుడి పక్క నుంచి యేసుకుమార్.

ఆమె ఎత్తలేదు. దారం అటూ ఇటూ తిరుగుతోంది, పుల్ల వణుకుతోంది. ఈ సంగతి చెప్పాల్సిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

"తెలిసింది మావా," అంటూ ఎడమ పక్కకి తిరిగింది.

గోనెపట్టా సగం మీద ఎండ పడుతోంది.